వినడానికి వెళ్లి మాట్లాడి వచ్చాను

అడవి భూమిలో సేద్యం చేసుకునేవాళ్లకి ఆ భూమి మీద హక్కు ఇచ్చే బిల్లు ఢిల్లీలో నానుతున్న ఏడాది అది. మా ఊళ్లో అప్పన్న టీకొట్టు దగ్గర రోజూ పొద్దున్న పేపరు చదివి వినిపించడం నాకు అలవాటు. ఆ రోజు చదవడం అయ్యాక, "ఈ బిల్లు ఎవరికోసమో ఆ కొండల్లో వాళ్లకి దీని సంగతే తెలిసి ఉండదు" అన్నాను. అప్పన్న గ్లాసులు కడుగుతూ, "నువ్వెళ్లి సూసొచ్చినావేటి మావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడే సంచీ సర్దుకున్నాను.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. నేను చదివింది మూడో తరగతి. మిగతా చదువంతా పేపర్లు నేర్పిందే. జనపనార మిల్లులో పని చేసిన రోజుల్లో గేటు దగ్గర నిలబడి తోటి పనివాళ్లకి పార్లమెంటు వార్తలు చదివేవాణ్ణి. మిల్లు రొదలో బతికినవాడికి మెల్లగా మాట్లాడడం రాదు. నేను గుసగుసలాడితే వీధి చివరికి వినిపిస్తుందని మా ఆవిడ అంటుంది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం తరవాత మీకే తెలుస్తుంది.

రైలులో చీపురుకట్టల మధ్య

కొత్తవలసలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. నవంబరు నెల. పెట్టె నిండా అరకు పువ్వులు చూడ్డానికి వెళ్లే కుర్రకారు, కెమెరాలు, చిప్సు పొట్లాలు. కిటికీ దగ్గర ఒక కొండావిడ కూచుని ఉంది. కింద సంతల్లో కొండచీపుళ్లు అమ్మి, మిగిలిన రెండు కట్టలు కాళ్ల దగ్గర పెట్టుకుని తిరిగి వెళ్తోంది. యాభై దాటి ఉంటాయి. కట్టలు జరిపి నాకు చోటిచ్చింది.

"ఎక్కడికి తాతా, వలిసిపూలు సూడ్డానికా?"

"పూలకి కాదమ్మా. అడవి భూముల బిల్లు ఒకటి ఉంది. అది మీ కొండమీద ఎవరికైనా తెలుసో లేదో చూద్దామని."

"ఏ బిల్లు? ఎనబై బిల్లా?"

అప్పటికి ఆ బిల్లు ముసాయిదాలో, పందొమ్మిది వందల ఎనభైకి ముందునుంచీ దున్నుతున్నవాళ్లకే హక్కు అని ఉంది. ఆ సంవత్సరాన్ని బాగా ఇవతలికి జరపమని కమిటీ ఒకటి చెప్పింది కానీ, జరుపుతారో లేదో తేలలేదు. పేపరులో ఇదంతా నాలుగో పేజీలో, అడుగున పడింది. ఆవిడకి మాత్రం బిల్లంటే ఆ ఒక్క అంకే.

దానికి కారణం బొర్రా దాటేలోపు చెప్పింది. ఆవిడ పేరు సోంబారి. వాళ్ల ఊరు మొదట్లో కింద గెడ్డ అనే కొండవాగు పక్కన ఉండేది. ఎనభై తరవాత ఒక వానాకాలం కొండచరియ విరిగి ఊరిమీద పడింది. మిగిలినవాళ్లు పైకి పోయి, వాలు మీద పొదలు కొట్టుకుని కొత్తగా సేద్యం మొదలెట్టారు. ఇప్పుడు దాని పేరు పైవలస. బిల్లు అలాగే గడిస్తే కింద రాళ్లగుట్ట మీద వాళ్లకి హక్కు ఉంటుంది, పైన చోళ్లు, అంటే రాగులూ, కందులూ పండే చోట ఉండదు.

"రాళ్ల పట్టా ఇత్తారంట తాతా. ఆటిని ఉడకెట్టుకోవాల" అని నవ్వింది.

బొర్రా స్టేషనులో సీతాఫలాలు బుట్ట పదిహేను రూపాయలు చెప్పారు. మా వైపు ఆ డబ్బుకి నాలుగు కాయలు రావు. నేను బేరం ఆడబోతే సోంబారి నా చెయ్యి పట్టుకుని, అమ్మే ఆవిడతో వాళ్ల భాషలో ఏదో అంది. బుట్ట పన్నెండుకి వచ్చింది. ఏమన్నావని అడిగాను. "ఈ తాత మా ఊరి సుట్టమని సెప్పినాను. ఇంక నువ్వు రావాలి, అబద్దమైపోద్ది" అంది.

అలా నా ప్రయాణం అరకు బజారులో ఆగకుండా పైవలస దాకా సాగింది.

పైవలసలో అడ్డాకు డొప్ప

ఊరికి వెళ్లగానే కాళ్లకి నీళ్లిచ్చారు. మా ఇళ్లల్లో ఈ పద్ధతి పోయి చాలాకాలమైంది, ఇప్పుడు టీవీ కట్టెయ్యడమే గొప్ప మర్యాద. అడ్డాకు డొప్పలో సామల అన్నం, కందికాయల పులుసు పెట్టారు. డొప్ప కుట్టడంలో నా దానికి ఎక్కడో చిల్లు పడి పులుసు పంచె మీదకి కారింది. పిల్లలు చూసి చాలాసేపు నవ్వుకున్నారు. జీలుగుకల్లు ఇస్తే వద్దన్నాను. ఊరి పెద్దని అక్కడ నాయుడు అంటారు. ఆయన ఆ కల్లు తనే తాగేసి, "సుట్టం వాటా వొదిలీకూడదు" అన్నాడు.

సాయంత్రం నాయుడి ఇంటి ముందు ఊరంతా కూచుంది. వాళ్ల ఎంపీ మర్నాడు అరకు బంగళాకి వస్తున్నాడట, ఆ తరవాత శీతాకాలం సమావేశాలకి ఢిల్లీ వెళ్తాడట. ఎనభై అన్న అంకె మార్చమని సభలో అడుగుతాడో లేదో కనుక్కోవాలి. అడిగే పని సోంబారిది. కోపం రాకుండా మాట్లాడగలదని ఊరు ఆవిణ్ణి ఎంచుకుంది.

వాళ్ల పద్ధతి ఒకటి అప్పుడే తెలిసింది. పిల్లనడగడానికైనా, తగువు తీర్చడానికైనా, ఊరి తరఫున ఇద్దరు వెళ్తారు. ఒకరు మాట్లాడతారు. రెండోవారు నోరు విప్పకూడదు, వినాలి. తిరిగొచ్చాక ఊరికి చెప్పేది మాట్లాడినవారు కాదు, విన్నవారు. మాట్లాడినవారికి తమ మాటే గొప్పగా తోస్తుంది కనుక వాళ్లు చెబితే నమ్మరు. వినే మనిషికి ఆ వ్యవహారంలో వాటా ఉండకూడదు కనుక పక్క ఊరినుంచి పిలుస్తారు. వెళ్లే ముందు నాయుడి చూరుకి ఒక గుత్తి కొత్త చోడికంకులు కడతారు. పని జరిగాక మాట్లాడినవారు వచ్చి దాన్ని తీసుకుంటారు. అదే వాళ్లకి ఇచ్చే గౌరవం. సోంబారి కోసం ఒక గుత్తి అప్పటికే కట్టి ఉంది.

నేను ఇదంతా వింటూ ఉంటే నాయుడు నావైపు తిరిగాడు.

"పోయినసారి వినడానికి మంగ్లి ఎల్లింది. ఆ బాబు ఏదో విప్పు అన్నాడని వొచ్చి సెప్పింది. విప్పడమేటో కట్టడమేటో మాకు తెల్నేదు. నువ్వు పేపరోడివి. నీకిక్కడ సెక్క బూమి నేదు. నువ్వెల్లు తాతా."

మంగ్లి అంటే పక్క ఊరి ముసలమ్మ, అక్కడే చుట్ట కాలుస్తూ కూచుంది. "ఈ తాత నోరు మూసుకుంటాడా?" అంది.

"మూసుకుంటాను" అన్నాను. ఆ మాట చెప్పడానికే ఎంత గట్టిగా అరిచానంటే పక్కన కోడి లేచిపోయింది.

అరకు బంగళా

మర్నాడు అరకు బజారులో టీ తాగి బంగళాకి వెళ్లాం. దారిలో బొంగుకోడి కాల్చి అమ్ముతున్నారు. ధర విన్నాక వాసనతో సరిపెట్టుకున్నాను.

ఎంపీ పేరూ పార్టీ ఇక్కడ అనవసరం. చెడ్డవాడు కాదు. ఆ కొండల్లోనే పుట్టి బడిపంతులు చేసి ఎంపీ అయినవాడు. వరండాలో కుర్చీ వేసుకుని అర్జీలు పుచ్చుకుంటున్నాడు. సోంబారి ఎదురుగా చాప మీద కూచుంది, నేను ఆవిడ వెనకాల కూచున్నాను. ఆవిడ ఊరు కింద ఎలా పోయిందో, పైన ఎలా బతికారో నిదానంగా చెప్పి, "ఆ ఎనబై మార్చమని నువ్వు సబలో అడుగుతావా బాబూ?" అంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అడగాలనే ఉందమ్మా. సభలో మా పార్టీకి కొంత టైము ఇస్తారు. ఎవరు మాట్లాడాలో పార్టీయే పేర్లు పంపుతుంది. అందులో నా పేరు ఉంటుందో లేదో నేను చెప్పలేను. ఓటు మాత్రం పార్టీ హుకుం, అదే విప్, ఎలా ఇస్తే అలాగే వెయ్యాలి. కాదంటే నా సీటు పోతుంది."

నాకు మిల్లు గేటు గుర్తొచ్చింది. ఆ కాలంలో అధికార పార్టీ సభ్యుడే లేచి సొంత మంత్రిని నిలదీసేవాడు. మంత్రికి చెమటలు పట్టేవి. ఆ వార్తలు చదువుతుంటే పనివాళ్లు సైరను మోగినా కదిలేవాళ్లు కాదు. తరవాత గోడ దూకే బేరాలు మొదలయ్యాయి. పొద్దున్న ఒక పార్టీ, సాయంత్రం ఇంకోటి. దాన్ని ఆపడానికి చట్టం తెస్తే నేనూ చప్పట్లు కొట్టాను. అది దొంగలకి వేసిన తాళం, కానీ ఇంట్లోవాళ్లు కూడా లోపలే ఉండిపోయారు. తొంభైలలో ఒక్క ఓటుతో ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయినప్పుడు టీవీ ముందు కూచుని అంకెలు చూశాను. ఎవరు ఏం మాట్లాడారో ఎవరికీ పట్టలేదు, అందరి చూపూ అంకె మీదే. ఇవన్నీ ఒక్కసారి నా గొంతులోకి వచ్చాయి.

"అయితే నువ్వెందుకయ్యా అక్కడ?" అన్నాను. "చెయ్యెత్తడానికైతే ఒక చెక్కబొమ్మని పంపితే చాలదా? వీళ్లు ఓటేసింది నీకా, నీ గుర్తుకా?"

ఎంపీ కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చూశాడు.

"గుర్తుకే, తాతగారూ. గుర్తు లేకుండా నేను నిలబడితే మీ ముందు కూచున్నావిడ కూడా నాకు వెయ్యదు. మీరెంత గట్టిగా అడిగినా అది నిజం."

జవాబు లేనప్పుడు మనిషి ఇంకా గట్టిగా అరుస్తాడు, నేనూ అరిచాను. ఆయన మనుషులు వచ్చి మర్యాదగానే మమ్మల్ని మెట్లు దింపారు.

నేను విన్నది చెల్లలేదు

సోంబారీ నేనూ తిరుగుదారి పట్టాం. దారికి రెండు వైపులా వలిసిచేలు పసుపుగా పూసి ఉన్నాయి, కుర్రకారు వాటి మధ్య నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. తొక్కిన చోట రైతుకి గింజ రాదు. వాళ్లని తిడదామని నోరు తెరిచాను, అప్పుడు ఆవిడ అంది.

"తాతా, నువ్వు మాటాడినావు."

"మాట్లాడితే ఏమైంది? విన్నదంతా నాకు గుర్తుంది, అక్షరం పోకుండా చెబుతాను."

"ఊర్లో ఏటంటారో సూద్దాం."

ఊళ్లో నేను చెప్పడం మొదలెట్టగానే నాయుడు చెయ్యెత్తి ఆపాడు. నన్ను కోప్పడలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నువ్వు అరిసినాక ఆ బాబు నీకు జవాబు సెప్పినాడు. మాకు సెప్పనేదు. నీ కోపానికి సెప్పిన జవాబు మాకేటికి తాతా?"

మంగ్లి చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకుంది. "రేపు బేగి నేనెల్తాను. ఆ విప్పేటో ఈ తాత సేత ఇప్పుడే సెప్పించుకుంటాను. సదువు ఈడిది, సెవులు నావి."

నేను దోసిట్లో సామలు పోసి ఆవిడకి చెప్పాను. ఇవన్నీ పార్టీ గింజలు. పార్టీ పిడికిలి మూసి ఎటు తిప్పితే అటే పడాలి. వేరే వైపు దూకిన గింజ బయటికి పోతుంది. మంగ్లి ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. "తెలిసింది" అంది.

ఆ ఊళ్లో నన్ను ఎవరూ ఏ మాటా అనలేదు. భోజనం కూడా ముందు నాకే పెట్టారు. కానీ రేపు ఎంపీ వెళ్లిపోతే, మళ్లీ అడిగే అవకాశం ఉండదు. బిల్లు గడిచిపోతుంది. వాలు మీద కోతకొచ్చిన చోళ్లు కనిపిస్తున్నాయి. నా నోటి దురద వల్ల ఆ చేను ఎవరిదో తేలకుండా పోతుందేమో అని భయం పట్టుకుంది.

టీకొట్టు బల్ల మీద

మర్నాడు వాళ్లిద్దరూ మళ్లీ వెళ్లారు. నేనూ వెళ్లాను కానీ బంగళా గేటు దగ్గరికి కూడా పోలేదు. ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూచున్నాను. టీ రెండు రూపాయలే, కాపీ మాత్రం ఐదు. కాపీ పండే కొండమీద కాపీ ఎందుకంత అని అడిగితే కొట్టువాడు, "పండేది ఇక్కడే, పొడి కిందనించి వొత్తాది" అన్నాడు. ఇంకోరోజైతే దీనిమీద గంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ రోజు టీ తాగి ఊరుకున్నాను. ఎంపీ జీపు సామానుతో సిద్ధంగా ఉంది. దాని పక్కన, బంగళా మెట్ల దగ్గర ఆ ఇద్దరాడవాళ్లు ఆయనతో మాట్లాడుతున్నారు, నాకు పెదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

ఊరికి చేరాక మంగ్లి చెప్పింది. నిలబడి, కళ్లు మూసుకుని చెప్పింది. ఎంపీ దగ్గు కూడా వదల్లేదు. ముందు నా సంగతే ఎత్తింది. "ఆ కేకల తాత రానేదా అని అడిగినాడు. సోంబారి, రానేదు బాబూ అన్నాది. అప్పుడు బాబు కురిసీ ఒగ్గేసి, మెట్టుమీద కూకున్నాడు."

తరవాత ఆయన అన్నది ఇది. సభలో నాకు నోరు తెరిచే వంతు రాకపోవచ్చు. కానీ సభకి ముందు మా పార్టీ వాళ్లందరం ఒక గదిలో కూచుంటాం. విప్ ఏమివ్వాలో పెద్దలు అనుకునేది అక్కడే. అక్కడ నేను లేస్తాను. ఈ అంకె మార్చకపోతే నేను మళ్లీ కొండెక్కలేనని చెబుతాను. అక్కడ మాట్లాడితే సీటు పోదు.

"అప్పుడు సోంబారి అడిగినాది" అంది మంగ్లి. "బాబూ, ఆ గదిలోకి మా మనిసి ఒకడొచ్చి కూకోవచ్చా, మాటాడడు, వింటాడు, అని. ఆ బాబు నవ్వినాడు. తరవాత నవ్వు ఆపేసినాడు. ఆ గదిలోకి ఎవుల్నీ రానివ్వరమ్మా, పేపరోళ్లని కూడా, అన్నాడు. జీపెక్కీసినాడు."

ఊరు చాలాసేపు ఆలోచించింది. వినేవాడు లేని చోట ఆడిన మాటని వాళ్లు మాటగా లెక్కపెట్టరు. అలాగని ఆయన అబద్ధమాడాడని అనడానికీ లేదు.

నేను కూడా ఆలోచించాను. పార్లమెంటుని టీవీలో చూపించడం మొదలయ్యాక, ఇక దాచడానికి ఏమీ లేదని అప్పన్న కొట్టు దగ్గర వాదించినవాణ్ణి నేను. కెమెరా సభలోకి వచ్చిన రోజుల్లోనే మాట సభలోంచి లేచి పక్క గదిలోకి వెళ్లిపోయిందని నాకు తట్టలేదు. పాతకాలమే మేలని కూడా అనలేను. ఆ కాలంలో అంత ధాటిగా మాట్లాడినవాళ్లు ఈ వాలు గురించి ఒక్క మాటా అనలేదు, నేను చదివిన పేపర్లలో కొండ అన్న మాటే అరుదు. ఇప్పుడు పది పదిహేను పార్టీలు చేతులు కలిపితే గాని ప్రభుత్వం నిలవదు. బయటినుంచి మద్దతిచ్చే చిన్న పార్టీ పట్టుబడితే బిల్లులో ఒక అంకె కదలొచ్చు. పార్టీ పిడికిలి గింజని నలుపుతుంది, అదే పిడికిలి తలుపు కూడా తట్టగలదు. కానీ ఎవరు తట్టారో బయటవాళ్లకి తెలియదు.

చివరికి నాయుడు లేచి చూరుకి ఇంకో గుత్తి చోడికంకులు కట్టాడు. "ఇది ఆ గదిలో మాటాడినోడికి" అన్నాడు. తరవాత నన్ను చూశాడు.

"నీకు రేడియో ఉన్నాది. ఏటైందో విను. విన్నాక ముందు మాకు సెప్పు, తరవాతే ఇంకోడికి. నోరు తెరిస్తే ఈసారి కూడా సెల్లదు."

మళ్లీ పైకి

ఇల్లు చేరిన కొన్ని వారాలకి, ఒక సాయంత్రం రేడియోలో విన్నాను. బిల్లు లోక్‌సభలో గడిచింది. ఎనభై పోయింది, అంకె పాతికేళ్లు ఇవతలికి జరిగి రెండువేల ఐదైంది. పైవలస చేలు దాని లోపలికి వస్తాయి.

మర్నాడు అప్పన్న కొట్టుకి వెళ్లాను. "ఏటైంది మావా నీ బిల్లు?" అన్నాడు. నేను టీ తాగాను. మళ్లీ అడిగాడు. గ్లాసు అక్కడ పెట్టి లేచాను. ముసలాడికి ఒంట్లో బాగోలేదని మా ఇంటికి కబురు పంపారట. అప్పటికి నేను కొత్తవలసలో రైలెక్కాను.

నాయుడి ఇంటి ముందు నిలబడి, మంగ్లిలాగే కళ్లు మూసుకుని చెప్పాను. ఇంకా రెండో సభ ఒకటి ఉందని, రాష్ట్రపతి సంతకం కావాలని, కాగితం కొండెక్కడానికి చాలా కాలం పట్టవచ్చని, విన్నది విన్నట్టు చెప్పాను. నా అభిప్రాయం ఒక్కటీ చెప్పలేదు. చెప్పడం అయ్యాక సోంబారి కాసేపు చేను వైపు చూసింది. చూరునుంచి తన గుత్తి విప్పుకుని కొంగులో కట్టుకుంది. రెండో గుత్తి అలాగే వేలాడుతోంది.

"ఆ గదిలో మావోడు మాటాడినాడా తాతా?" అంది.

"తెలీదమ్మా. ఆయనే మాట్లాడి ఉండొచ్చు. ఇంకో పార్టీవాడు పట్టుబట్టి ఉండొచ్చు. రేడియోలో అది చెప్పరు."

"మరి ఇదెవలికియ్యాల?"

నాయుడు నిచ్చెన తెచ్చి, ఎలకలకి అందకుండా గుత్తిని ఇంకాస్త పైకి కట్టాడు.